ఎర్ర అట్ట ఎత్తని ఆడవాళ్ళు

"ఇవి మనుషులు ఎత్తిన అట్టలు కావమ్మా. నువ్వు ఇంట్లో కూర్చోని రాసుకున్న అంకెలు."

"నేనేమీ రాయలేదు సార్. వాళ్ళు ఎత్తినారు. నేను లెక్కపెట్టినాను, అంతే."

"అంతేనా? ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తా ఉండాను, ఇంత సక్కగా రెండుగా విడిపోయిన లెక్క నేనెప్పుడూ చూడలేదు. ఈ పక్క అందరూ అమ్మినారు, ఆ పక్క ఎవురూ అమ్మలేదు. మనుషులు అట్లుండరు."

"ఉండినారు గదా సార్. దానికి నేనేం చేసేది?"

"నిజం చెప్పేది."

నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. లోపలికి పోవాలో, వెనక్కి తిరగాలో తెలియలేదు. టీ చల్లారితే మళ్ళీ కాచాలి, గ్యాసు దండగ. అందుకని పోయి ఇద్దరి ముందూ పెట్టేశాను. ఇద్దరూ ముట్టుకోలేదు.

"ఏమమ్మా, నువ్వు అన్ని రోజులూ ఆ హాల్లోనే ఉండినావు గదా" అని సారు నా వైపు తిరిగారు. "ఈ పిల్ల లెక్క మార్చిందా?"

"నేను చూసినంతలో మార్చలేదు సార్."

"చూడనంతలో?"

"చూడంది నేనెట్ల చెప్పేది సార్?"

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. ఇంకొక్క మాట గట్టిగా అంటానని ఆశపడినట్టుంది. నాకు చూసింది చెప్పడమే వచ్చు. ఖాళీ ట్రే తీసుకుని బయటికి వచ్చేశాను.

నేను తిరుపతిలో పెద్ద చదువులు చెప్పే ఒక చోట అటెండరుగా పనిచేసి రిటైరయ్యాను. ఏ చోటో చెప్పను, చెప్పాల్సిన పనీ లేదు. నేను చదివింది నాలుగో తరగతి. మా ఆయన పోయాక రోజుకూలీకి ఊడ్చే పనిలో చేరి, తర్వాత పర్మనెంటయి, చివరి కొన్నేళ్ళు ఒకే డిపార్ట్‌మెంటులో ఉన్నాను. గదులు తెరవడం, టీ కాచడం, ఫైళ్ళు మోయడం, ఎవరూ లేని గదుల్లో తిరిగే ఫ్యాన్లు ఆపడం నా పని. ఆ చివరిది ఎవరూ చెప్పింది కాదు, నేను పెట్టుకున్నది. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు, మా మనవరాలితో సహా, పైవాడు ఒక మాట అంటే చాలు, రాజీనామా ఇచ్చేస్తామంటున్నారు. వాళ్ళు చదవాలని ఈ ఒక్క సంగతి రాస్తున్నాను.

మా సారు చేసే పరిశోధన ఏమిటంటే, డబ్బు దగ్గర మనిషి ఎట్లా నిర్ణయం తీసుకుంటాడు, దాని వల్ల షేర్ల ధరలు ఎట్లా లేస్తాయి, ఎట్లా పడతాయి అని. మొదటిసారి విన్నప్పుడు దీనికి చదువెందుకు అనుకున్నాను. ఉంటే ఖర్చు పెడతారు, లేకుంటే గమ్మున కూర్చుంటారు. కానీ సారు తీసిపారేయదగిన మనిషి కాదు. గుళ్ళో కైంకర్యం చేసే వైష్ణవుల ఇంటివారు. రోజూ నామం, ఇస్త్రీ చొక్కా, గడియారం చూసుకోనక్కర్లేనంత కచ్చితమైన రాక. ఒక మాట అన్నారంటే దాన్ని వెనక్కి తీసుకోవడం మేమెవరమూ చూడలేదు. అందరూ ఆయన్ని గౌరవించిందీ అందుకే, ఆయనతో చిక్కుపడిందీ అందుకే.

ఆ పిల్ల ఆయన దగ్గర డాక్టరేటు కోసం చేరింది. ఊరు పుత్తూరు. పుత్తూరంటే ఎముకలకు కట్లు కట్టే ఊరు కదా, వాళ్ళదీ కట్టు కట్టే ఇల్లే. "మా నాయన ఎముక యాడ ఇరిగిందో ఏలితో తడిమి చెప్తాడు పెద్దమ్మా. మనిషి బుద్ధి యాడ ఇరుగుతాదో నేను చూస్తా ఉండాను" అని నవ్వేది. పొద్దున్నే బస్సెక్కి వచ్చేది, చీకటి పడకముందే బస్సెక్కి పోయేది. ముప్పై దగ్గర పడుతున్నా ఈ చదువు ముగిసేదాకా పెళ్ళి మాట ఎత్తొద్దని ఇంట్లో చెప్పేసిందట. నాకు ఆ మాట నచ్చలేదు, అయినా నన్నెవరూ అడగలేదు కాబట్టి ఏమీ అనలేదు.

అప్పటికి అందరి చేతుల్లో ఫోన్లు, ఫోన్లలో షేర్లు. టీచర్లు కొన్నారు, గుడి ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు కొన్నారు, మందుల అంగడివాళ్ళు కొన్నారు. మా ఆఫీసు గుమాస్తా కూడా కొన్నాడు. ధర కాస్త పెరిగితే ఆ పూటే అమ్మేసి మాకు బజ్జీలు తెప్పించేవాడు. పడితే మాత్రం అమ్మడు. క్యారియరు పక్కన ఫోను నిలబెట్టుకుని, పెరుగన్నం కలుపుతూ, "లేస్తాది, యాడికి పోతాది" అనేవాడు. అది లేవలేదు. పడేదాన్ని పట్టుకుని మనుషులు ఎందుకు వేలాడతారు, ఒక అరగంట పాఠం చెప్తే ఆ గుణం మారుతుందా అన్నదే ఈ పిల్ల తెలుసుకోవాలనుకున్న విషయం.

దానికొక ఆట కట్టారు. తిరుచానూరు నుంచీ చిత్తూరు నుంచీ మహిళా సంఘాలవాళ్ళను పిలిపించారు. జాకెట్లు కుట్టేవాళ్ళు, టిఫిను బండ్లు పెట్టుకున్నవాళ్ళు, మామిడికాయల కాలంలో మండీలో కాయలు ఏరే పనికి పోయేవాళ్ళు. వచ్చిన ప్రతి మనిషి చేతిలో ముందే కొంత డబ్బు పెడతాం. అది ఆమెదే. ఒక లేని కంపెనీ షేరు ఆమె దగ్గర ఉన్నట్టు అనుకోవాలి. దాని ధర గోడ మీది తెరపై కనిపిస్తుంది, గంట కొట్టినప్పుడల్లా మారుతుంది. ఉంచుకునేట్టయితే పచ్చ అట్ట ఎత్తాలి, అమ్మేసేట్టయితే ఎర్ర అట్ట. ధర పడ్డాక అమ్మితే, ఎంత నష్టమో అంత అప్పటికప్పుడు తన చేత్తోనే తీసి స్టీలు డబ్బాలో వెయ్యాలి. మిగిలింది ఇంటికి తీసుకుపోవచ్చు. ఆఖరి గంట దాకా అమ్మనివాళ్ళు మాత్రం సోమవారం మళ్ళీ వచ్చి, ఆ రోజు ధరకు లెక్క తేల్చుకోవాలి. సోమవారానికి ధర ఇంకా పడి ఉంటుంది. ఆ సంగతి వాళ్ళకు తెలియదు.

వచ్చినవాళ్ళను చీటీలు తీసి రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆటకు ముందు పాఠం. రిటైరైన ఒక బ్యాంకు ఆయన వచ్చి, పడే షేరును ఎప్పుడు వదిలించుకోవాలో అరగంట చెప్పేవాడు. ఆయనకు బుధవారమే వీలు. రెండో గుంపుకు పాఠం లేదు, నేరుగా ఆటే. వాళ్ళకు శుక్రవారం వేశారు, ఆ మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉంటుందని.

ఊరికే పిలిచి చేతిలో నోట్లు పెట్టడం నాకు మింగుడు పడలేదు. చింతపిక్కలు పెట్టి ఆడించవచ్చు కదా అని సారుతోనే అన్నాను. "చేతిలో నిజమైన డబ్బు లేకుంటే నిజమైన మనిషి బయటికి రాడమ్మా" అన్నారు ఆయన. ఆ మాట ఒప్పుకున్నాను. బిస్కెట్లు మాత్రం మనిషికి రెండే ఇచ్చాను.

సారు పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. ఎందుకు అమ్మినావు, ఎందుకు అమ్మలేదు అని ఎవరినీ అడగకూడదు. అడిగితే మనిషి అప్పటికప్పుడు ఒక కారణం కట్టి చెప్తాడట. చేసింది చూడాలే గానీ చెప్పింది వినకూడదట. వాళ్ళలో వాళ్ళు కూడా మాట్లాడుకోకూడదు. ఆ కాపలా నాది. ఎవరైనా పక్కకు వంగితే చాలు, పోయి ఎదురుగా నిలబడేదాన్ని. సంఘం ఆడవాళ్ళు నాకు వార్డెనమ్మ అని పేరు పెట్టారు.

ఆట నెలల తరబడి నడిచింది. చివరికి లెక్క చూస్తే, పాఠం విన్నవాళ్ళలో దాదాపు అందరూ ధర పడిన కాసేపటికే ఎర్ర అట్ట ఎత్తేశారు. విననివాళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది తప్ప ఎవరూ ఎత్తలేదు, కళ్ళముందే ధర జారిపోతున్నా పచ్చ అట్ట పట్టుకునే కూర్చున్నారు. అరగంట పాఠం మనిషిని ఇంతగా మారుస్తుందని లోకంలో ఎవరూ చూపలేదట. ఆ పిల్ల మైసూరుపాకు తెచ్చి డిపార్ట్‌మెంటంతా పంచింది. సారు కూడా ఒక ముక్క తీసుకున్నారు, ఎప్పుడూ తీసుకోని మనిషి.

రాసినదాన్ని ముందుగా చూడమని, ఇంకో రాష్ట్రంలో ఉన్న ఒక పెద్ద ప్రొఫెసరుకు పంపారు. ఆయన ఫోను చేసి సారుతో ఒక్క ముక్కే అన్నాడట, ఇవి పుట్టిన అంకెలా, పుట్టించిన అంకెలా అని. ఆ ఫోను వచ్చింది ఒక గురువారం. సారు మొహం అప్పుడే మారింది. ఆ మధ్యాహ్నం జరిగిందే నేను మొదట చెప్పిన గొడవ.

ఆ గొడవకు ఆఖరి మాటగా సారు ఏమన్నారంటే, మరుసటి రోజు పొద్దున ఆమె డాక్టరేటు పని చూసే కమిటీ కూర్చుంటుంది, అక్కడ ఆమే లేచి ఈ పనిని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పుకోవాలి. చెప్పకపోతే తాను చెప్తారు, అప్పుడు కారణం కూడా చెప్పాల్సి వస్తుంది. దొంగ లెక్కలు రాసిందని ఒకసారి పేరు పడితే ఆ చదువుల్లో ఇంక ఎక్కడా తలెత్తుకోలేరు. పోయిన ఏళ్ళు పోతాయి, ముందున్న ఏళ్ళూ పోతాయి.

ఆ పిల్ల బయటికి వచ్చి వరండా గోడకు ఆనుకుని నిలబడింది. గొడవ గుమాస్తా చెవిలోనూ పడింది. మనిషి చెడ్డవాడు కాదు, కానీ ప్రతి చిక్కుకూ ఒక అడ్డదారి ఉంటుందని నమ్మేవాడు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఇదెంత పని పాపా. నాలుగైదు అంకెలు అటూ ఇటూ చెదరగొట్టు. మరీ సక్కగా ఉండబట్టే గదా అనుమానం. కొంచెం గజిబిజిగా ఉంటే నిజమనిపిస్తాది."

"నిజం నిజమనిపించేదానికి అబద్ధం రాయమంటావా అన్నా?"

అతను తల గోక్కుంటూ పోయాడు. ఆమె కాసేపు అట్లాగే నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ సారు గదిలోకి పోయింది. నేను టీ గ్లాసులు తెచ్చుకునే వంకతో వెనకాలే పోయాను.

వాళ్ళనే పోయి అడుగుదామంది. అడగకూడదన్న నియమం తెలియదా అన్నారు సారు. ఆట అయిపోయింది, ఇప్పుడు అడిగితే కొత్తగా చెడేదేముంది అంది ఆమె. సారు లేచి కిటికీ దాకా పోయి వచ్చారు.

"సరే" అన్నారు చివరికి. "నేనూ వస్తాను. ఆ మనుషులు నిజంగా ఉండారో లేదో నా కండ్లతో చూస్తాను."

దొంగ లెక్క అన్నప్పుడు తట్టుకున్న పిల్ల ఈ మాటకు తల వంచేసుకుంది. వాళ్ళ మొహాలు తెలిసినదాన్నని సారు నన్నూ రమ్మన్నారు.

తిరుచానూరికి ఆటో మాట్లాడాను. యాత్రికులమనుకుని ఆటోవాడు నోటికొచ్చింది అడిగాడు. సారు ఒప్పుకోబోయారు, నేను ఒప్పుకోలేదు, సగానికి దింపాను. దారి పొడుగునా ఆ ఇద్దరి మధ్య నేను కూర్చున్నాను.

సంఘానికి పెద్ద అయిన ఆమె లాడ్జీల వెనక సందులో ఉంటుంది. జాకెట్లు కుడుతుంది. వసారాలో కుట్టుమిషను ముందు కూర్చుని, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని పనిలో ఉంది. నన్ను చూడగానే నోట్లో సూదులతోనే నవ్వింది.

"వార్డెనమ్మ మా ఇంటికొచ్చింది" అని లోపలికి కేకేసి, సారుకు కుర్చీ వేయించింది. "టీ తాగండి సార్. మీ ఆడ ఇచ్చే టీ మాదిరి ఉండదు లే, ఇది పాలు పోసి కాచింది."

సారు నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

చుట్టుపక్కల ఇళ్ళ నుంచి ఇంకో అయిదారుగురు వచ్చారు, అందరూ శుక్రవారం గుంపులో ఆడినవాళ్ళే. వచ్చామని, డబ్బు తీసుకున్నామని, అట్టలు ఎత్తామని ఒప్పుకున్నారు. మనుషులు ఉన్నారన్న సంగతి తేలింది. సారు ముందుకు వంగి, తాను ఇన్నేళ్ళుగా ఎవరినీ అడగనివ్వని ప్రశ్న అడిగారు.

"ధర అంతగా పడతా ఉంటే ఎందుకమ్మా అమ్మలేదు?"

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"లేస్తాదేమో అని సార్" అంది ఒకామె.

"అవును సార్, లేస్తాదేమో అని" అంది ఇంకొకామె. మిగతావాళ్ళు తలలూపారు.

సారు కుర్చీలో వెనక్కి వాలారు. అందరూ ఒకే మాట, ఒకే తీరుగా. ఎవరో ముందుగా నేర్పి పెట్టినట్టుంది. ఆయన ఆ పిల్లను ఏమీ అనలేదు, అననక్కర్లేదు. నాకు కూడా ఒక క్షణం అనుమానం వచ్చింది.

ఆ పిల్ల మాత్రం పోయి కుట్టుమిషను పక్కన నేల మీద కూర్చుంది. అక్కడ రాలి ఉన్న గుడ్డపేలికల్లోంచి ఒకటి తీసి వేలికి చుట్టుకుంటూ, అడుగుతున్నట్టు కాకుండా మామూలుగా మాట్లాడినట్టు అడిగింది.

"అక్కా, ఒక మాట. శుక్రవారం అంత పట్టుగా పట్టుకోని కూర్చున్నోళ్ళు, సోమవారం వచ్చి ఇంకా జాస్తి నష్టానికి నవ్వతా ఇచ్చేసినారే. నేను పక్కనే ఉండినాను. అప్పుడు బాధ కాలేదా మీకు?"

"సోమవారం గదా పాపా. ఇయ్యొచ్చు."

"శుక్రవారం?"

ఆమె నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చింది. తర్వాత ఈ పిల్లకు ఒంట్లో బాగుందా లేదా అన్నట్టు చూసింది.

"శుక్రవారం పూట చేతికొచ్చిన లక్ష్మిని ఎవురమ్మా ఎనక్కిచ్చేది? మీ ఇంట్లో ఇస్తారా?"

పక్క లాడ్జీలో నీళ్ళ మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ పిల్ల వేలికి చుట్టుకున్న గుడ్డ అట్లాగే ఉండిపోయింది. మా ఇంట్లో ఇవ్వరు. వాళ్ళింట్లో ఇవ్వరు. సారు ఇంట్లో అసలే ఇవ్వరు. ముగ్గురం ఆ నిమిషాన మనసులోనే మా మా ఇళ్ళకు పోయి వచ్చాం.

"మరి ధర లేస్తాదేమో అని అంటిరే" అన్నారు సారు. గొంతులో ఇందాకటి కాఠిన్యం లేదు.

"సదువుకున్నోళ్ళు ధర సంగతి అడిగితిరి, ధర సంగతి చెప్తిమి. శుక్రవారం గురించి మీకు వేరే చెప్పాలా సార్? అమ్మవారి ఊర్లో కూర్చోని అడగతా ఉండారు."

ఆడవాళ్ళంతా నవ్వారు. సారు నవ్వలేదు. ఆయన బుర్ర ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆ శుక్రవారాల్లోనూ ఎర్ర అట్ట ఎత్తినవాళ్ళు కొందరున్నారు కదా, వాళ్ళెట్లా ఇచ్చారని అడిగారు.

"ఎవురు, మా సంఘంలో టిఫిను బండి ఆమె, వాళ్ళ చెల్లెలూనా?" అంది కుట్టుపని ఆమె. "వాళ్ళు చర్చికి పొయ్యేవాళ్ళు సార్. వాళ్ళకి శుక్రవారం లెక్క లేదు."

ఆ పిల్ల చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. చిత్తూరు సంఘం పెద్దకు ఫోను కలపమని సారు చెప్పారు. అందరికీ వినపడేట్టు పెట్టించి, తానే మాట్లాడారు. శుక్రవారం మాట ఎత్తకుండా సోమవారం సంగతి మాత్రమే అడిగారు. అవతల ఆమె కూడా నవ్వింది, ఈమె చెప్పిందే చెప్పింది. తమ సంఘంలో ఆ రోజు ఎర్ర అట్ట ఎత్తింది ఒక పాస్టరమ్మ అని తనంతట తానే కలిపింది.

సారు ఫోను పెట్టేసి, కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఇస్త్రీ నలిగిపోతుందన్న ధ్యాస కూడా లేదు.

"మా అమ్మ శుక్రవారం పక్కింటికి మజ్జిగ కూడా ఇచ్చేది కాదు" అన్నారు.

"పాలాయనకి నేనూ డబ్బులు శనివారమే ఇస్తాను సార్" అన్నాను.

"మరి చెప్పలేదేమమ్మా, నెలల తరబడి ఆ హాల్లో ఉండి?"

"మీరు అడగలేదు సార్. నాకూ తట్టలేదు."

పాలు పోసి కాచిన ఆ టీ ముగ్గురమూ తాగాం. బాగానే ఉంది. అంత పాలు పోయనక్కర్లేదు.

తిరుగు ఆటోలో సారు రోడ్డు వైపే చూస్తూ, "పాఠం విన్నోళ్ళకి బుధవారం, విననోళ్ళకి శుక్రవారం. రోజులు వేసింది నేను" అన్నారు.

"హాలు ఖాళీగా ఉండాదని నేనే అడిగినాను గదా సార్" అంది ఆ పిల్ల.

"సంతకం నాది."

ఇంకొంత దూరం పోయాక, "మధ్యాహ్నం నిన్ను అన్న మాట..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఆయనకు అలవాటు లేని పని. ఆమె పరవాలేదులెండి సార్ అంది. అంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆటోవాడు అద్దంలోంచి చూస్తున్నాడు, ఏడిస్తే ఇంటికి పోయి ఏడువమని నేను కసిరాను. ఆమె ఏడుస్తూనే నవ్వింది. సారు కూడా నవ్వారనుకుంటాను. అటు తిరిగి ఉన్నారు కాబట్టి గట్టిగా చెప్పలేను.

ఎక్కడెక్కడి దేశాల మనుషుల గురించో చదివి, నష్టమంటే మనిషికి ఎంత భయమో లెక్కకట్టగల ఇద్దరు, ఇదే మట్టిలో పుట్టి పెరిగినవాళ్ళు, గోడకున్న క్యాలెండరు చూసి కూడా చూడలేదు. నేనూ చూడలేదు, నాకైతే రోజూ చింపే క్యాలెండరే ఉంది. మరీ దగ్గరున్నది అట్లాగే ఉంటుందేమో. ఊపిరి పీలుస్తున్నామని ఎవరు గుర్తు పెట్టుకుంటారు? రోజులు మార్చి ఆ ఆటను మొత్తం మళ్ళీ ఆడించాల్సి వచ్చింది. అప్పటికి నేను రిటైరై ఇంట్లో ఉన్నాను. పాఠం వల్ల వచ్చిన మార్పు ఉందంటే ఉంది, ఆవగింజంత. శుక్రవారం సంగతి రాసిన భాగాన్నే ఇప్పుడు అందరూ అడిగి చదువుతున్నారని ఆమె చెప్పింది. గుమాస్తా దగ్గర ఆ షేరు ఇంకా ఉంది.

మాట పడితే ఉద్యోగం మానేస్తామనే పిల్లలకు నేను చెప్పేది ఇది. ఆ గురువారం ఆమె అలిగి పుత్తూరు బస్సెక్కి ఉంటే దొంగగానే మిగిలిపోయేది. గుమాస్తా మాట విని ఉంటే నిజంగానే దొంగయ్యేది. ఆమె గదిలోకి తిరిగిపోయింది. నాకు ఆమెలో నచ్చని గుణాలు చాలా ఉన్నాయి, లైటు ఆపకుండా పోయేది, సగం కాగితాలు పారేసేది. ఆ ఒక్కదానికి మాత్రం లేచి నిలబడతాను.

మరుసటి రోజు పొద్దున సారు రోజూ కంటే ముందే వచ్చారు. కమిటీ గది తాళం నేనే తీశాను, కుర్చీలు తుడిచాను, మంచినీళ్ళు పెట్టాను. అందరూ కూర్చున్నాక ఆ పిల్ల లేవబోయింది. సారు చేత్తోనే కూర్చోమన్నారు, తానే లేచారు. ఈ అమ్మాయి అంకెలు నిజమైనవి, ఆట రోజులు నేను తప్పుగా వేశాను, అందుకని ఫలితం నిలబడదు, మళ్ళీ చేయడానికి గడువు కావాలి అని చెప్పి, ఏమి జరిగిందో వివరించారు. కమిటీలో పెద్దాయన ఒకరు, మా ఇంట్లోనూ అంతేనప్పా అని నవ్వారు. ఏడాది గడువిచ్చారు. ఆమె పేరు మీద ఏ మాటా రాలేదు. ఆమె వరండాలోకి వచ్చి, నా భుజం పట్టుకుని, "పెద్దమ్మా, ఆకలేస్తా ఉండాది" అంది. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తిననే లేదట. క్యాంటీనుకు తీసుకుపోయాను. మూడు దోసెలు తినింది. తిని, చేతులు కడుక్కుని, మధ్యాహ్నం బస్సుకు పుత్తూరు పోయి పడుకుని నిద్రపోయింది.